రబ్బరు గొట్టం సీసా

ఆవిడను పేటలో అందరూ కుండబద్దలక్క అనేవారు. పసిపిల్లలున్న ఇళ్లకు వెళ్లి మంచీచెడూ చెప్పి రావడం మున్సిపాలిటీ వాళ్లు ఆవిడకు ఇచ్చిన ఉద్యోగం. మంచి మాటేమో గానీ, చెడు మాత్రం మొహమ్మీదే చెప్పేసేది. పాలగిన్నె మీద ఈగలు కనబడితే చాలు, "ఈ పాలు పిల్లకా, ఈగలకా?" అని వీధంతా వినబడేలా అడిగేది. అలా తిట్టిన ఇంట్లోనే చతికిలబడి, పిల్లకు నీళ్లు పోసి, తుడిచి, ముద్దాడి మరీ లేచేది. అందుకే ఆవిడను చూసి తలుపేసుకునేవాళ్లు కూడా నాలుగు రోజులు రాకపోతే బెంగపెట్టుకునేవారు.

బట్టల మిల్లు వెనక సందులో ఒక ముసలమ్మ ఉండేది. కోడలికి మిల్లులో పని. అంతకుముందు ఇద్దరు మనవలు ఏడాది నిండకుండానే విరేచనాలతో పోయారు. ఇప్పుడున్నవాడు మూడోవాడు. వాడంటే ముసలమ్మకు పంచప్రాణాలు. పొద్దునా రాత్రీ తల్లి పాలిచ్చేది. పగలంతా సీసాయే. దానికి పొడుగాటి రబ్బరు గొట్టం ఉండేది. సీసా పక్కన పెట్టి గొట్టం కొస నోటికందిస్తే పిల్లాడు పడుకునే తాగుతాడు. ఆ రోజుల్లో అలాంటి సీసా ఇంట్లో ఉండడమే గొప్ప. పెద్ద మనవడు పుట్టినప్పుడు పట్టుబట్టి కొనిపించింది ముసలమ్మే.

ఎండలు ముదిరేసరికి వీడికీ విరేచనాలు పట్టుకున్నాయి. కళ్లు లోపలికి పోయాయి. అక్క వచ్చి చూసి, కత్తెర తీసి గొట్టాన్ని నిలువునా చీల్చింది. లోపలంతా పాచిలా పేరుకున్న పాలజిగట. గుప్పున కంపు కొట్టింది.

"రోజూ వేణ్ణీళ్లతో కడుగుతున్నానే!" అంది ముసలమ్మ బిత్తరపోయి.

"సీసా కడిగావు పిన్నీ. గొట్టంలోకి చెయ్యెలా పోతుంది? వీడికిప్పుడు తల్లిపాలే మందు."

"తల్లి మిల్లులో ఉందిగా?"

"మిల్లేమన్నా సముద్రాల అవతలుందా?" అంటూ అక్క పిల్లాణ్ణి ఎత్తుకుని బయల్దేరింది.

గేటు దగ్గర కాపలావాడు అడ్డుపడ్డాడు. "గంట కొట్టేదాకా ఎవర్నీ పంపకూడదక్కా."

"నువ్వేమన్నా మీసాలతో పుట్టావా తమ్ముడూ? పాలు తాగే పెరిగావు కదా. పోయి పిలుచుకురా."

వాడు మీసం గోక్కుంటూ లోపలికి పోయాడు. తల్లి జుట్టు నిండా దూదితో పరిగెత్తుకొచ్చి, గేటు వెనక దూది బస్తా మీద కూర్చుని పాలిచ్చింది. ఆ మర్నాటి నుంచి రోజూ పిల్లాణ్ణి మోసుకొచ్చే పని ముసలమ్మ తీసుకుంది. వాడు దక్కుతాడో లేదోనని కొన్నాళ్లు అందరూ ఊపిరి బిగబట్టారు. చివరికి గండం గడిచింది. వాడు మళ్లీ కాళ్లు తన్నుకుంటూ నవ్వడం మొదలుపెట్టాడు.

ఒక మధ్యాహ్నం గేటు దగ్గర ముసలమ్మ అక్కను పక్కకు పిలిచింది. "అమ్మాయ్, ఉన్నదున్నట్టు చెప్పు. ముందు ఇద్దరూ కూడా... ఆ సీసాతోనేనా?"

అలాంటి సీసాలున్న ఇళ్ల నుంచి ఎందరు పసివాళ్లు వెళ్లిపోయారో అక్కకు తెలుసు.

"కాదు పిన్నీ. ఆ ఏళ్ల ఎండలే అలాంటివి. నీ చేతుల్లో ఏముంది?"

ముసలమ్మ భోరుమంది. "నా చేతులారా చంపుకున్నాననుకున్నానే తల్లీ!"

అక్క ఆ చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని, గంట కొట్టేదాకా వదల్లేదు.