మగ్గం ముందర మా నాయన మాట

పోయిన వారం ధర్మవరంలో మా ఈది ఈదంతా నన్ను చూసి నవ్విందప్పా. నవ్వనీ! అంత సంతోషంగా నేనెప్పుడూ పరువు పోగొట్టుకోలేదు.

మా నాయనకు పక్షవాతం వచ్చి నాలుగు నెలలైంది గదా. కాలూ చెయ్యీ కొంచెం కోలుకునె, మాట మాత్రం రాలేదు. మనం చెప్పిందంతా అర్థమైతాది. బదులు చెప్పాలంటే నోరు తెరిచి, కండ్లనీళ్లు పెట్టుకుని ఊరుకుంటాడు. ఈదిలో సగం మందికి నేత నేర్పిన మనిషి! హిందూపురం డాక్టరు దగ్గరికి రైల్లో పిల్చుకపోతే, రోజూ ఒక్కొక్క సామాను చూపించి పేరు పలికించు, ఓపిక పట్టు అని చెప్పె.

ఓపికా? నాకా? అయినా సరే, పొద్దన లేస్తానే చెంబు ఎత్తి చూపించి "చెంబు అను నాయనా" అని అరుస్తాంటి. ఆయనకు చెవుడు లేదని నా పెండ్లాం ఎన్నిసార్లు చెప్పిందో! పాఠానికి అడ్డమని మగ్గం కూడా ఆపేస్తిని. ఇంట్లో సద్దనేదే లేదు.

ఒకరోజు "చెం" అన్నట్ల వినిపించె. అంతే, నాకు నేల మీద కాలు నిలవలే. రేపు రాండి, మా నాయన మాట్లాడతాడు అని ఇంటింటికీ చెప్పి వస్తిని. మరుసటి పొద్దున ఇరవై మంది దాకా వచ్చి కూర్చునిరి. పెనుకొండ నుంచి మా మామ కూడా దిగినాడు. నేను చెంబు ఎత్తితిని. నాయన చూసె. అరిస్తిని. నాయన మొగం తిప్పుకునె. చెంబులో నీళ్లు మామ పంచె మీద పడె గానీ, మాట పడలే. నాయన తల వంచేసె. ఆయన్ని అంతమంది ముందర కూర్చోబెట్టి చిన్నబుచ్చింది నేనే గదా.

మొగం యాడ పెట్టుకోవాల్నో తెలీక, పోయి మగ్గం గుంతలో కాళ్లు పెట్టి పోగు దూర్చే నాడె తీసుకుంటిని. చీర అంచులో పువ్వు సగంలో నిలిచిపోయి ఉండాది. ఒక్కో రంగుకు ఎనిమిది పోగులు వేసినాకనే మార్చాల. ఆ లెక్క మా నాయన ఎప్పుడూ పైకి చెప్పుకుంటానే నేస్తాండె. నేను నాలుగు పోగులు వేస్తిని. వెనక ఎవరో సన్నంగా "ఐదు... ఆరు... ఏడు" అంటాండారు. నేను పట్టించుకోకుండా ఏడో పోగు వేస్తానే రంగు మారిస్తిని.

"ఎనిమిదోది యాడరా, ఎద్దా!"

మా నాయన! జనం గొల్లున నవ్విరి. నేను గుంతలోనుంచి లేచి ఆయన కాళ్ల మీద పడి ఏడిస్తిని. "ముందు... పోగు తీయ్" అనె.

డాక్టరుకు చెప్తే నవ్వి, మగ్గం ఆపొద్దు, ఆయన్ని పక్కనే కూర్చోబెట్టు అనె. ఇప్పుడు నేను తప్పు చేసినప్పుడంతా నాయనకు కొత్త మాట వస్తాండాది. నిన్నటికి నిండు వాక్యంతో తిట్టినాడు! నాయన కోసరం కావాలనే తప్పులు నేస్తాండానని ఈదిలో అందరికీ చెప్పుకుంటాండా. వాటిల్లో కావాలని చేసింది ఒక్కటీ లేదని నా పెండ్లానికి మాత్రమే తెలుసు.