తాతయ్య చేసిన డ్రెడ్జరు

నా చిన్నప్పుడు చెప్పవలసిన ఒక్క మాట చెప్పకుండా మింగేశాను. ఆకివీడు దగ్గర మా చేపల చెరువుకి కాపలా ఉన్న మనిషిని మా తాతయ్య తొందరపడి దొంగ అన్నాడని మావాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తప్పు తాతయ్యది కాదు, నాది.

తాతయ్య ఉద్యోగమంతా కాకినాడ రేవులో, ఆవిరి డ్రెడ్జరు మీద గడిచింది. రేవు అడుగున పేరుకున్న ఇసుకను తోడి పొట్టలో నింపుకుని, సముద్రంలో దూరంగా వెళ్ళి, అడుగు తలుపులు తెరిచి వదిలేసే ఓడ అది. రిటైరయ్యాక నూనె డబ్బాల రేకుతో మూరెడు నమూనా చేశాడు. బుల్లి బాయిలరు కింద దీపం పెడితే బుస్సుమంటూ కదిలేది. తీగ లాగితే పొట్టలోని ఇసుక నీళ్ళలోకి జారిపోయేది. దాన్ని చెరువు గట్టు మీది షెడ్డులో ఉంచేవాడు.

ఒక మధ్యాహ్నం ఎవరూ చూడకుండా దాన్ని నీళ్ళలో వదిలాను. ఇసుక దొరక్క గట్టున ఉన్న నల్లబురద కూరాను. కొల్లేటి బురద జిగురు. తీగ ఎంత లాగినా జారలేదు. ఓడ ఒరిగి మునిగిపోయింది.

"షెడ్డు దగ్గర ఉండేది నువ్వేగా, ఎవరికమ్మావు?" అన్నాడు తాతయ్య సాయంత్రం, షెడ్డులో ఓడ కనబడకపోయేసరికి.

"అమ్మతోడండీ, నేను ముట్టుకోలేదండీ" అన్నాడు కాపలా బాబాయి. మర్నాడే పని మానేసి వాళ్ళ ఊరు కొల్లేటికోట వెళ్ళిపోయాడు. నేను తలుపు చాటున నిలబడి అంతా విన్నాను.

కొన్ని నెలలకి, చేపలు పట్టడానికి చెరువు తోడించినప్పుడు ఓడ బయటపడింది. దాని పొట్టలో బురద చూసి తాతయ్య నా మొహంలోకి చూశాడు. నన్ను వెంటబెట్టుకుని కొల్లేటికోట వెళ్ళి, బాబాయి వాకిట్లో ఆయన చేతులు పట్టుకున్నాడు. "పొరపాటు నాదయ్యా. అనరాని మాట అన్నాను."

నా పేరు ఎత్తలేదు. తిరిగి వచ్చే పడవలో మాత్రం, "నువ్వే చెప్తావేమోనని చూశానురా" అన్నాడు. ఆ మాట ఇన్నేళ్ళూ నాతోనే ఉంది.

మొన్న కొల్లేటికోట వెళ్ళాను. బాబాయి ముసలివాడై, వల బాగుచేసుకుంటున్నాడు. అంతా చెప్పాను.

"ఓర్నీ, ఆ బురద నీ పనా బాబూ!" అని నవ్వాడు. అంతలోనే నవ్వు ఆగిపోయింది. "నాకొక్కడికే చెబితే ఎలాగ? అన్నాళ్ళూ మా ఆవిడ తలొంచుకు తిరిగింది."

పిన్నిని కేకేశాడు. ఆవిడ తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. ఇరుగుపొరుగు కూడా తొంగిచూశారు.

"ఆ రోజు ఓడ తీసుకెళ్ళి ముంచింది నేనేనండీ, బాబాయి కాదు. మీరందరూ నన్ను క్షమించాలండీ" అన్నాను, వీధికంతా వినిపించేలా.