కుప్పలో కలిసిన రాజులు

పేకలో నాకు మూడు రాజులు పడింది ఒక్కసారే. ఆ ఒక్కసారీ పడ్డాయని ఇప్పుడు రుజువు చెయ్యలేను. పోయిన వేసవి నుంచీ దీని గురించి ఆలోచిస్తున్నాను. ఆలోచించిన కొద్దీ ఒక్కో రాజూ పల్చబడిపోతున్నాడు.

మా మామగారిల్లు గాజువాకలో. ఆదివారం భోజనాలయ్యాక మేడమీద వరండాలో చాప పరిచి నలుగురం కూర్చుంటాం. మామగారు, ఆయన కొడుకు, ఆ కొడుకు చిన్ననాటి స్నేహితుడు, నేను. కొడుకు నా భార్యకి అన్న. స్నేహితుడికి హార్బర్‌లో సొంత మరబోటు ఉంది. నా భార్య అన్న నన్ను బావా అంటాడు, నేనూ అతన్ని బావా అంటాను, బోటాయన మా ఇద్దరినీ బావా అంటాడు. ఎవరు పిలిచినా ఇద్దరు పలుకుతారు. ఇక్కడ మటుకు బావ అంటే నా భార్య అన్నే. నేను దువ్వాడ దగ్గర ఒక కాలేజీలో లెక్కలు చెబుతాను. సంభావ్యత నా పాఠమే. చాప మీద అది నన్ను ఎన్నడూ గుర్తుపట్టినట్టు లేదు.

డబ్బులతో ఆడితే మర్నాటి నుంచి వంట లేదని అత్తయ్య చెప్పింది కాబట్టి చింతపిక్కలతో ఆడతాం.

మామగారు ఉక్కు కర్మాగారంలో ముప్ఫై ఏళ్ళు దాటి చేసి రిటైరయ్యారు. ఆ ముప్ఫై ఏళ్ళూ ఖాళీ దొరికినప్పుడల్లా ఆడింది రమ్మీ. పదమూడు ముక్కలూ విసనకర్రలా చేతిలో పట్టుకుని ఆడే ఆట. రమ్మీలో ముక్కలు బోర్లించి కింద పెడితే ఒకటే అర్థం, ఆ మనిషి డ్రాప్. పంచేవాడు వాటిని లాగి పక్కన పడేస్తాడు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు.

బావ ఫోనులో వీడియోలు చూసి మా చాప మీదకి పోకర్ తెచ్చాడు. ఇందులో తలా రెండే ముక్కలు. ఒకసారి చూసుకుని, బోర్లించి, ఎదురుగా నేలమీదే ఉంచుకోవాలి. మధ్యలో అందరికీ చెందే ఐదు ముక్కలు విడతలుగా తెరుస్తారు. ఆడనన్నవాడు తన రెండూ ముందుకి తోసేస్తే పంచేవాడు కుప్పలో కలిపేస్తాడు. కుప్పలో కలిసిన ముక్క చచ్చినట్టే, దాన్ని తిరగేసి చూడకూడదు. ఈ శాసనం బావ వారానికోసారి చదువుతాడు. అంటే బోర్లించిన ముక్క ఒక ఆటలో చచ్చినట్టు, ఇంకో ఆటలో బతికున్నట్టు. ముప్ఫై ఏళ్ళు మొదటి ఆట ఆడిన మనిషి చేతికి పేకిచ్చి రెండో ఆట పంచమన్నాం. ఇందులో ప్రమాదం ఉందని మాలో ఎవరికీ తోచలేదు. లెక్కల మేష్టరుకైతే అసలు తోచలేదు.

పంచడం మామగారి ఉద్యోగం. ఆదివారం పన్నెండున్నరకే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బి షిఫ్టుకి వెళ్ళేవాడిలా తయారై కూర్చుంటారు. మిగతా ఆరు రోజులూ ఆ చొక్కా వంకెకి వేలాడుతూ ఉంటుంది.

ఒక వారం ఆయన అందరికీ రెండేసి ముక్కలు వేశాక ఆగలేదు. మూడోది వేశారు, నాలుగోది వేశారు. మేం ముగ్గురం మర్యాదగా అందుకుంటూ పోయాం. తలా పదమూడయ్యి పేక ఖాళీ అయ్యేదాకా ఎవరం నోరు మెదపలేదు.

"నాన్నా, నువ్వు అలిసిపోతన్నావు," అన్నాడు బావ. "వచ్చేవారం నించి నాను పంచుతాను."

మామగారు ముక్కలన్నీ వెనక్కి తీసుకుని అంచులు సరిచేశారు. "ఇంకొక్క తప్పు జరగనీ. అప్పుడు నువ్వే పంచుకో. నాను కిందకెల్లి టీవీ సూసుకుంటాను."

ఆయన టీవీ చూడరు. ఆ సంగతి మా అందరికీ తెలుసు.

ఆ మరుసటి ఆదివారమే నాకు ఆఠీను రాజు, కళావరు రాజు వచ్చాయి. మధ్యలో మొదట తెరిచిన మూడింటిలో ఇస్పేటు రాజు ఉంది. ముఖంలో ఏమీ కనబడకూడదని చాలా గట్టిగా ప్రయత్నించాను.

"ఏటి బావా, కడుపులో ఏటైనా అయిందేటి?" అన్నాడు బోటాయన.

ముక్కలు బోర్లించి మోకాలి ముందు పెట్టాను. ఇంకా ఆటలో ఉన్నానన్న గుర్తుకి బావ తన ముక్కల మీద తాళంచెవుల గుత్తి పెట్టుకుంటాడు, బోటాయన అగ్గిపెట్టె పెట్టుకుంటాడు. అది వీడియోల్లో చూసి నేర్చుకున్న షోకని నా అభిప్రాయం. నా ముక్కల మీద గాలి తప్ప ఏమీ లేదు.

అప్పుడే నా భార్య టీ తెచ్చింది. గ్లాసు కోసం ఇటు తిరిగాను. మళ్ళీ అటు తిరిగేసరికి మోకాలి ముందు చాప ఉంది, ముక్కలు లేవు. మామగారి ఎడమచెయ్యి వాటిని కుప్పలో కలిపేసి, కుప్పని తట్టి చదును చేస్తోంది. ఎంత నేర్పుగా జరిగిందంటే ఒక్క క్షణం మెచ్చుకోబోయాను.

"మావయ్యా, అవి నావి," అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు.

బావ గ్లాసు కింద పెట్టాడు. "ఏటైంది నాన్నా?"

"ఏటీ అవలేదు. బాబు డ్రాపయ్యాడు, తీసినాను."

"అయ్యావా బావా?"

అందరూ నావైపు చూశారు, మామగారు తప్ప. ఆయన కుప్ప వైపు చూస్తున్నారు. చెయ్యి దాని మీదే ఉంది. ఇస్త్రీ చొక్కా చేతిగుండీ కూడా పెట్టుకుని ఉన్నారు, ఆ ఎండలో.

డ్రాప్ అనే మాట నేను అనలేదు. ఇది నాకు ఖాయంగా తెలుసు. కానీ గ్లాసుకి చోటు చెయ్యడానికి ముక్కలు కొంచెం ముందుకి జరిపానా? నాలుగువేళ్ళ మేర జరిపినట్టే ఉంది. జరపనట్టూ ఉంది. జరిపితే తప్పు నాది, జరపకపోతే ఆయనది. నాలుగువేళ్ళ తేడాలో ఒక మనిషి ఆదివారం ఉంది.

"నువ్వు సూసినావేటి?" అని బావ బోటాయన్ని అడిగాడు.

"నాను టీ సూత్తన్నాను," అన్నాడు అతను. నీటి రంగు చూసి కింద చేపలున్నదీ లేనిదీ చెప్పే మనిషి, రెండడుగుల దూరంలో టీ మాత్రమే చూశాడట.

బావ కుప్ప మీదకి చెయ్యి చాపాడు. "పైనే ఉంటాయి కదా, తిప్పితే తెలిసిపోద్ది. మంచి ముక్కలైతే ఎవుడు డ్రాపవుతాడు?"

అతని తర్కంలో లోపం లేదు. పైన ఉన్నవి రెండు రాజులు. మూడు రాజులున్నవాడు ఆట వదిలేశాడంటే టీ గ్లాసు కూడా నమ్మదు.

"కుప్ప ముట్టుకోకూడదు కదా బావా," అన్నాను. "నువ్వే కదా వారం వారం చెప్తావు. అయినా అవి రెండూ ఏడూ. నేనే తోసేశాను."

పోకర్‌లో రెండూ ఏడూ కన్నా దిక్కుమాలిన జత లేదు. ఆ ముక్క కూడా నాకు బావే నేర్పాడు.

"మరి నావి అన్నావేటి?"

"నావే కదా తోసింది. అదే చెప్పాను."

పరీక్ష పేపర్లో ఎవరైనా ఇలా రాస్తే సున్నా వేసి, పక్కన ప్రశ్నార్థకం కూడా వేసేవాణ్ణి. 

"కాలేజీలో పాటం కూడా ఇలాగే సెప్తావేటి?" అన్నాడు బావ, చెయ్యి వెనక్కి తీసుకుంటూ.

ఆ ఆట రెండు తొమ్మిదులతో బోటాయన గెలిచి పిక్కలన్నీ లాక్కున్నాడు. మామగారు కుప్పని పేకలో కలిపి చాలాసేపు, మామూలు కన్నా చాలా ఎక్కువసేపు కలిపారు. కలిపేటప్పుడు పైముక్క చూశారో లేదో నేను చూడలేదు. నేనూ టీయే చూస్తున్నాను.

సాయంత్రం సీతమ్మధారలో మా ఇంటికి వెళ్ళే దారిలో, బండి వెనక నుంచి నా భార్య అంది. "మీరేటీ తొయ్యలేదు. గ్లాసు పెట్టడానికి చోటు లేకపోతే నేనే జరిపాను."

బండి పక్కకి ఆపాను. "నువ్వా? మరి అప్పుడే చెప్పలేదేం?"

"మీరు చెప్పేశారు కదా."

"నిజంగా జరిపావా?"

"జరిపే ఉంటాను," అంది, చెంగు సర్దుకుంటూ.

నిజంగా జరిపిందో, నేను చెప్పినదాని లాంటిదే తనూ ఒకటి చెబుతోందో ఆ ముఖంలో తెలియలేదు. ఇంటికెళ్ళాక మళ్ళీ అడిగితే గుర్తులేదంది. తర్వాత కొన్నాళ్ళకి అవి అసలు రాజులేనా, జాకీలా అనే అనుమానం కూడా నాలో మొదలైంది. పాత పేక, బొమ్మలు అరిగిపోయాయి. ఇస్పేటు రాజు ఒక్కడే అందరూ చూసినవాడు. మిగతా ఇద్దరికీ సాక్షిని నేనే. నేనేమో రెండూ ఏడూ అని వాంగ్మూలం ఇచ్చేశాను.

పై ఆదివారం నేను వెళ్ళేసరికి నా చోట చాప మీద ఒక పెద్ద ఇనప నట్టు ఉంది. తుప్పు గీకి, కిరసనాయిలుతో తుడిచి, మెరిసేలా చేశారు. మామగారి మంచం కింద అలాంటి నట్లూ బోల్టులూ ఒక డబ్బా నిండా ఉంటాయి.

"ముక్కల మీద పెట్టుకో బాబూ," అన్నారు పేక కలుపుతూ.

"నాకెందుకు మావయ్యా?"

"రెండూ ఏడూ అయితే మటుకు? ముక్కలు ముక్కలే కదా."

ఆయన తల ఎత్తలేదు. నాకు తెలిసిందని ఆయనకి తెలుసా, ఆయనకి తెలిసిందని నాకు తెలుసా, ఈ లెక్క నేను ఇంకా తేల్చలేదు.

అప్పటి నుంచీ నట్టు నా ముక్కల మీద ఉన్నంతసేపూ ఆయన చెయ్యి అటు రాదు. ఒకసారి నిజంగానే డ్రాపయ్యి, నట్టు తియ్యడం మరిచిపోయాను. ఆట ఆగిపోయింది.

"డ్రాపే మావయ్యా," అన్నాను.

"నట్టుంది కదా బాబూ," అన్నారు. తీసేదాకా ముట్టుకోలేదు.

పోయిన ఆదివారం ఆయన అందరికీ రెండేసి ముక్కలు వేసి, నాకు మాత్రం మూడు వేశారు. బావ అప్పుడు ఫోను చూసుకుంటున్నాడు. బోటాయన నా ముందున్న మూడు ముక్కల్నీ చూసి, నన్ను చూసి, సముద్రం ఉండే వైపుకి తల తిప్పుకున్నాడు. నేను మూడింటినీ ఒకదాని మీద ఒకటి సర్ది, పైన నట్టు పెట్టాను. బావ ఫోను పక్కన పెట్టి తన ముక్కలు చూసుకునేదాకా ఆగాను. తర్వాత నట్టు తీసి, మూడింటినీ కలిపి కుప్పలోకి తోశాను. ఈసారి నేనే తోశానని మాత్రం నాకు బాగా గుర్తుంది.