ఒకే కోడు, మూడు ఆస్పత్రులు

సూరత్‌లోని వడోద్‌లో పుట్టి పెరిగిన ప్రమీల, తెలంగాణ నుంచి వలస వచ్చి మగ్గాల కార్ఖానాలో పనిచేసే లింగమూర్తి కూతురు. ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆమె ఉద్యోగం. మూడు ప్రైవేటు ఆస్పత్రుల్లో ఖాళీ బెడ్లు ఎన్నో చూపించే ప్రోగ్రాం వాళ్లదే. చిక్కల్లా ఆ మూడింట్లో మూడు రకాల సర్వర్లు ఉండటం. ఒకదానికని కోడు నుంచి తయారుచేసిన బిల్డు, అంటే నడపడానికి సిద్ధమైన ప్రోగ్రాం, మరోదాంట్లో నడవదు. అందుకని కోడును మూడు కాపీలుగా పెట్టుకుని, ఏ మార్పు వచ్చినా మూడు చోట్లా చేత్తో దిద్దేవారు.

2021 ఏప్రిల్‌లో, కరోనా రెండోసారి విరుచుకుపడిన రోజుల్లో, ఖాళీల లెక్కలో ఒక మార్పు వస్తే ప్రమీల రెండు కాపీలు దిద్ది మూడోది మరిచిపోయింది. మధ్యాహ్నం ఆ మూడింట్లో ఒకటైన పల్సానా దగ్గరి ఆస్పత్రి నుంచి తెలుగు నర్సు పద్మారాణి ఫోన్ చేసింది.

"మేడమ్, మీ ప్రోగ్రాంలో రెండు ఖాళీలు కనిపిస్తున్నాయి. ఇక్కడ ఒక్కటీ లేదు. అది చూసుకునే ఒక పెద్దాయన్ని ఆటోలో తెచ్చి, మళ్లీ తీసుకుపోయారు."

ప్రమీల మూడో కాపీ తెరిచింది. తప్పు వెంటనే దిద్దింది గానీ, ఆ పెద్దాయనకు మరోచోట బెడ్ దొరికిందని సాయంత్రం తెలిసేదాకా ముద్ద మింగలేదు.

మర్నాడు మేనేజరు ధీరజ్‌కు ఫోన్ చేసింది. "సార్, మూడు కాపీలుంటే నేను కాకపోతే ఇంకొకరు మరిచిపోతారు. కోడు ఒక్కటే ఉంచి, సర్వర్‌కూ సర్వర్‌కూ ఉన్న తేడాలు మాత్రం విడి ఫైళ్లలో పెడదాం. ఒక్కసారి నడిపితే మూడు బిల్డులూ రావాలి."

"ఈ హడావిడిలోనా?"

"ఈ హడావిడిలోనే సార్."

నాలుగు రోజులు పట్టింది. బిల్డులైతే వచ్చాయి, సరిచూసే మనుషులే లేరు. తోటివాళ్లిద్దరూ జ్వరంతో పడుకున్నారు. కార్ఖానా మూతపడి ఇంట్లోనే ఉన్న తండ్రిని పిలిచింది.

"బాపూ, జర ఇట్ల కూసో. నేను బెడ్ల లెక్క మారుస్త. తెర మీది ఈ మూడు డబ్బాలల్ల అంకె ఒక్కతీరు ఉన్నదా చెప్పు."

లింగమూర్తి కళ్లద్దాలు తుడుచుకుని లాప్‌టాప్ ముందు సర్దుకున్నాడు. "పద్నాలుగు, పద్నాలుగు, పద్నాలుగు" అంటూ గంటసేపు విసుగులేకుండా చదివాడు. ఉన్నట్టుండి ఆగాడు.

"ఆగు బిడ్డా. నడిమిదాంట్ల తొమ్మిదున్నది. కడమయి ఎనిమిదే."

"అలసిపోయినవేమో బాపూ."

"అలుపేంది? నలభై ఏండ్ల సంది తెగిన పోగును చూసుడే నా పని. మల్లొక్కసారి జూడు."

చూసింది. నిజమే. రెండో సర్వర్ ఫైల్లో, పాత లెక్కనే కాసేపు చూపించమనే పంక్తి ఒకటి ఆమె తీసేయకుండా వదిలేసింది. దాన్ని కొట్టేసి, తండ్రి భుజానికి తల ఆనించి నవ్వింది. "మంచిగ దొరకబట్టినవ్."

ఆ తర్వాత మూడు ఆస్పత్రుల్లోనూ అంకె తప్పలేదు. కొత్త బిల్డుల రికార్డు రాస్తూ ధీరజ్, "పరీక్షించింది ఎవరు?" అని స్పీకర్ ఫోన్లో అడిగాడు. ప్రమీల నోరు తెరిచేలోపే లింగమూర్తి పక్కనుంచి గొంతు సవరించుకుని, ఇంటిపేరుతో సహా తన పేరు నిదానంగా, అక్షరం అక్షరం పలికాడు.