ఆరు వార్డులు, ఒక ఇల్లు

ఆసుపత్రి కంప్యూటర్ విభాగంలో ఆయన్ని అందరూ నిదానంగారనే పిలిచేవారు. లిఫ్టు తలుపు తెరుచుకున్నా ఒక్క క్షణం ఆలోచించి గానీ ఎక్కరని, విభాగం పెద్ద మేడమే ఆ పేరు పెట్టింది. ఆయనేమీ నొచ్చుకోలేదు.

గొంతు తీసేసే ఆపరేషన్‌కు వచ్చినవాళ్ళ మాటలు ముందురోజే రికార్డు చేసి దాచే ప్రోగ్రాం ఆయన రాసిందే. శబ్దాన్ని కుదించి దాచడం, మళ్ళీ విప్పడం మాత్రం అది సొంతంగా చేయదు. కంప్యూటర్లో విడిగా ఉండే లైబ్రరీ అనే చిన్న సాఫ్ట్‌వేర్ చేత చేయించుకుంటుంది. పద్నాలుగేళ్ళు ఏ పేచీ రాలేదు.

ఆ సంవత్సరం వార్డుల్లో పాత కంప్యూటర్లు తీసేసి కొత్తవి పెట్టారు. మర్నాడే మూడో వార్డు నర్సు ఫోన్ చేసింది.

"లెక్కల మాస్టారి గొంతు రావట్లేదండీ. ఒక్కసారి రండి."

వెళ్ళేసరికి మాస్టారు దిండుకు ఆనుకుని కూర్చున్నారు. మెడకు కట్టు, పక్కన భార్య. తెర మీద లైబ్రరీ కనబడలేదన్న ఒక్క వాక్యం. మాస్టారు కాగితం మీద రాసి చూపించారు: "నా గొంతు ఎలా ఉండేదో మర్చిపోతానేమోనని భయంగా ఉంది."

"రేపటికల్లా వినిపిస్తానండీ," అన్నారు నిదానంగారు.

కొత్త కంప్యూటర్లకు బయటి నెట్‌వర్కు లేదు. ఆ లైబ్రరీ ఉన్న పాతవి అప్పటికే స్టోరుకు వెళ్ళిపోయాయి. స్టోరు తాళం తీయాలంటే ముగ్గురి సంతకాలు కావాలి. ఆయన కాగితం పంపి, తిరిగొచ్చేదాకా ఆగారు. మూడో రోజు లైబ్రరీ పట్టుకుని వెళ్తే, మాస్టారి మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది.

"పొద్దున పోయారండీ. ఉన్నట్టుండి రక్తం పడింది," అంది నర్సు.

ఆ పూట నిదానంగారు భోజనం డబ్బా మూత తీయలేదు. నేరుగా మేడం గదికి వెళ్ళారు.

"లైబ్రరీని మన ప్రోగ్రాంలోనే కలిపేస్తాను మేడం. ఎక్కడ పెట్టినా ఫైలు తెరుచుకుంటుంది."

"స్టాటిక్ లింకింగా? రేపు ఆ లైబ్రరీలో లోపం బయటపడితే? విడిగా ఉంటే దాన్నొక్కదాన్ని మారిస్తే చాలు. కలిపేస్తే ప్రతి కాపీ మళ్ళీ తయారుచేయాలి. ఎవరు చూస్తారు?"

"నేనే. అందుకే అన్నిచోట్లా కాదు. కావాలంటే కలిసేలా, వద్దంటే ఎప్పటిలాగే ఉండేలా చేస్తాను. కలిపిన కాపీలు ఎక్కడెక్కడ ఉన్నాయో రాసిపెట్టుకుంటాను."

మేడం సరేనని తలూపింది. "మీ తప్పేం లేదు నిదానంగారూ."

"సంతకాల కోసం వాళ్ళ ముందు కూర్చోవాల్సింది మేడం. కూర్చోలేదు."

తొమ్మిది రోజులు పట్టింది. ఏ లైబ్రరీ లేని ఖాళీ కంప్యూటర్ మీద రికార్డులన్నీ తెరుచుకున్నాక, ఆరు వార్డుల్లో కలిపిన కాపీ పెట్టారు. ఏడోది పెన్‌డ్రైవ్‌లో వేసుకుని మాస్టారి ఇంటికి వెళ్ళారు.

మాస్టారి భార్య కంప్యూటర్ ముందు చీర కొంగు సర్దుకుని కూర్చుంది. రికార్డింగుకని ఇచ్చిన పేరా చదవడం అయ్యాక మాస్టారి గొంతు అడిగింది: "ఇంకేం చెప్పమంటారు? సరే, పదమూడో ఎక్కం చెప్తాను." పదమూడు ఒకట్లు పదమూడు, పదమూడు రెళ్ళు ఇరవయ్యారు... ఆమె పెదవులు కూడా కదిలాయి.

అయ్యాక నిదానంగారు తలవంచుకున్నారు. "ఆ రోజు వినిపిస్తానన్నానమ్మా. వినిపించలేకపోయాను."

"మీ కోసం గుమ్మంవైపే చూశారండీ. అబద్ధం చెప్పను," అంది ఆమె. "టీ తాగి వెళ్ళండి," అని లేచింది.

ఏడాదిన్నర తర్వాత మేడం అన్నంతా అయింది. లైబ్రరీలో లోపం బయటపడింది. నిదానంగారు ఆ పూటే ప్రోగ్రాం మళ్ళీ తయారుచేసి, సాయంత్రానికి ఆరు వార్డులూ ముగించారు. మర్నాడు మాస్టారి ఇంటి తలుపు తట్టారు.

"మళ్ళీ పాడైందా అండీ?"

"లేదమ్మా. ముందే మార్చిపోదామని వచ్చాను."

మార్చడానికి పది నిమిషాలు పట్టలేదు. ఆమె పక్కనే నిలబడి చూసింది.

"మీరు రిటైరయ్యాక ఎవరొస్తారు?"

"నా తర్వాత వచ్చేవాళ్ళకి అంతా రాసిపెట్టానమ్మా. మీ ఇల్లూ అందులో ఉంది," అని జేబులోంచి కాగితం తీసి చూపించారు.

ఆమె ఆ కాగితం అడిగి తీసుకుని, తన చిరునామా కింద కూతురి ఫోన్ నంబరు రాసింది. "నా తర్వాత ఈ గొంతు మా అమ్మాయి దగ్గరుంటుంది," అంది. నిదానంగారు అంకెలు ఒక్కొక్కటీ పైకి చదివి సరిచూసుకుని, కాగితం జేబులో పెట్టుకున్నారు.