పెద్దమ్మ తినని రొట్టె

పోయిన శనివారం పొద్దున్న నేను పనిచేసే బడికి బయల్దేరి బండి స్టార్టు చేస్తుంటే అక్క ఫోన్ చేసింది. "తమ్ముడూ, అమ్మ పోయిందిరా" అంది. బండి ఆపి, స్టాండు వేసి, దాని మీదే కాసేపు కూర్చుండిపోయాను.

పోయింది మా పెద్దమ్మ. మా నాన్నగారి అన్నగారి భార్య, ఫోన్ చేసిన అక్కకి తల్లి. మండపేట దగ్గర కాలవ గట్టున ఉన్న మా ఊళ్ళో, మా చిన్న బాప్తిస్టు సంఘంలో, నలభై ఏళ్ళకి పైగా ఆడవాళ్ళ వైపు కిటికీ పక్కన చాప మీద కూర్చున్న మనిషి. ఊరు దాటితే ఆవిడెవరో ఎవరికీ తెలియదు. అయినా ఆవిడ గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను. ఎందుకో చదివాక మీకే తెలుస్తుంది.

మా సంఘానికి బిషప్పులు లేరు, పైనుంచి ఉత్తర్వులు పంపేవాళ్ళు లేరు. ఏ సంగతైనా సభ్యులందరూ కూర్చుని, చేతులెత్తి తేల్చుకుంటారు. పసిబిడ్డలకి మేం బాప్తిస్మం ఇవ్వం. తల్లిదండ్రులు తీసుకొస్తే పాస్టరు గారు ఎత్తుకుని, ప్రార్థన చేసి, దీవించి ఇచ్చేస్తారు. మనిషి పెరిగి, బుద్ధి తెలిసి, నేను నమ్ముతున్నానని తన నోటితో తను సంఘం ముందు సాక్ష్యం చెప్పాలి. అప్పుడు కాలవలోకి దింపి పూర్తిగా ముంచి లేపుతారు. అలా మునిగినవాళ్ళే సభ్యులు. నెలకోసారి, మొదటి ఆదివారం, ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకునేది వాళ్ళే.

పెద్దమ్మ ఆ కాలవలో మునగలేదు.

ఆవిడ గోదావరి అవతల ఒక లూథరన్ ఇంట్లో పుట్టింది. రెండో నెలలో బాగా జబ్బు చేసిందట. అప్పటికే ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకున్న వాళ్ళమ్మ, ఈ బిడ్డని పాత చీరలో చుట్టుకుని, పడవెక్కి చర్చికి తీసుకెళ్ళింది. అక్కడి అయ్యగారు బిడ్డ తల మీద నీళ్ళు చిలకరించి బాప్తిస్మం ఇచ్చారు. బిడ్డ బతికింది. పెళ్ళయి మా ఊరొచ్చాక మావాళ్ళు, మా పద్ధతిలో మళ్ళీ తీసుకోమని అడిగారు. పెద్దమ్మ ఒప్పుకోలేదు.

"మళ్ళీ మునిగితే, ఆ రోజు మా అమ్మ చేసింది ఉత్తిదేనని నేనే చెప్పినట్టు. నేను చెప్పలేనండి."

ఎవరడిగినా ఇదే జవాబు. గొంతు పెంచేది కాదు, మాట మార్చేదీ కాదు. పెదనాన్న రెండు మూడుసార్లు బతిమాలి ఊరుకున్నాడట.

అయితే ఆ బల్లకి రొట్టె చేసేది మాత్రం ఆవిడే. శనివారం మధ్యాహ్నం తలస్నానం చేసి, పిండి రెండుసార్లు జల్లించి, ఉప్పు వెయ్యకుండా, పులియబెట్టకుండా కలిపి, మందపాటి పెనం మీద సన్నసెగన కాల్చేది. మాడిన మచ్చ పడిన రొట్టెని పక్కన పెట్టేది. అది పిల్లలకి. మర్నాడు ఆరాధనలో రొట్టె ముక్కలున్న పళ్ళెం ఆడవాళ్ళ వరసలోకి వచ్చేది. కుడి పక్కావిడ దగ్గర రెండు చేతులతో అందుకుని, పెద్దమ్మ ఎడమ పక్కావిడకి అందించేది. ముసుగు సర్దుకుని తల వంచుకునేది.

ఎనిమిదేళ్ళప్పుడనుకుంటా, మాడిన రొట్టె తింటూ అడిగాను. "పెద్దమ్మా, నువ్వు చేసిన రొట్టె నువ్వే తినవేంటి?"

"నా వంతు రాలేదు నాన్నా."

"ఎప్పుడొస్తుంది?"

"పెట్టేవాళ్ళనడుగు" అని నవ్వింది. ఆ పెట్టేవాళ్ళలో నేనూ ఒకణ్ణవుతానని అప్పుడు నాకు తెలియదు.

పదిహేడో ఏట నా బాప్తిస్మం. కాలవకి నీళ్ళు వదిలిన వారం, నడుం లోతు చల్లటి నీళ్ళు. గట్టు మీద అందరూ పాట పాడుతున్నారు. నేను వణుక్కుంటూ పైకొచ్చేసరికి పెద్దమ్మ తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది. ఎవరు బాప్తిస్మం తీసుకున్నా తువ్వాళ్ళూ, ఫ్లాస్కులో అల్లం కాఫీ తెచ్చేది ఆవిడే. నా తల తుడుస్తూ, "నీ నోటితో నువ్వు చెప్పావు. ఇక ఎవరి కోసమూ వెనక్కి తీసుకోకు" అంది.

నేను సంఘానికి సెక్రటరీని అయిన కొన్నేళ్ళకి, అప్పటి పాస్టరు గారు ఆవిడ సంగతి సంఘం ముందు పెట్టారు. ఇన్నేళ్ళుగా మనతో ఉన్నావిడని ఆ ఒక్క కారణానికి బల్లకి దూరం పెట్టడం సబబేనా అని అడిగారు. ఆదివారం ఆరాధన అయ్యాక సభ. సభ్యురాలు కాదు కాబట్టి పెద్దమ్మ బయట వరండా మెట్ల మీద కూర్చుంది.

ఒక పెద్దాయన లేచాడు. "ఆవిడ మీద మాకు గౌరవమేనండి. కానీ మన తాతలు ఊరంతా మాట్లాడ్డం మానేసినా ఈ కాలవలో మునిగారు. ఇవాళ మునగక్కర్లేదంటే, వాళ్ళు పడిందంతా దేనికండి?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. అలా మునిగినవాళ్ళలో మా తాత ఒకడు. బాప్తిస్మం అయ్యాక ఏడాది పాటు ఎవరూ పనికి పిలవలేదని మా నాన్న చెప్పేవారు. చేతులెత్తమన్నప్పుడు నేను వద్దనే వైపు ఎత్తాను. లెక్కపెట్టిందీ నేనే. వద్దన్నవాళ్ళు ఒక్కరు ఎక్కువ.

బయటికెళ్ళి ఆవిడకి చెప్పాల్సిందీ నేనే.

"నువ్వెటు ఎత్తావు?" అనడిగింది.

"వద్దని, పెద్దమ్మా."

"నిజం చెప్పావు. ఎండగా ఉంది, లోపలికి పో" అంది. మరుసటి నెల మళ్ళీ రొట్టె చేసి పంపింది.

తర్వాత చాలా ఏళ్ళకి, పెదనాన్న పోయాక, ఉండబట్టలేక ఒకరోజు అన్నాను. "పెద్దమ్మా, ఆ రోజు నేను తప్పు చేశాను."

"నువ్వు నమ్మింది నువ్వు చేశావు, నేను నమ్మింది నేను చేశాను. ఇద్దరం ఒక్క కప్పు కిందే కూర్చుంటున్నాం కదరా" అంది. మళ్ళీ తనే, "మరీ దూరంగా ఏం లేదులే ఆ బల్ల. నాలుగు బారలు" అంది. ఇన్నేళ్ళలో ఆవిడ నోట బాధలాంటిది విన్నది ఆ ఒక్కసారే.

పోయినేడు ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడి పక్క కొంత తేరుకుంది గానీ మాట పోయింది. బల్లకి బేకరీ బ్రెడ్డు తెచ్చి కొయ్యడం మొదలుపెట్టారు. అది నోట్లో పెట్టుకున్న మొదటి ఆదివారం నేను మింగలేకపోయాను. ఆ సాయంత్రమే కొత్త పాస్టరు గారి దగ్గరికెళ్ళి, ఆవిడ సంగతి మళ్ళీ సభకి పెట్టమన్నాను. వాయిదాల మీద వాయిదాలు పడి, పోయిన నెల సభ జరిగింది. అప్పుడు వద్దన్న పెద్దలు చాలామంది ఇప్పుడు లేరు. ఈసారి ఒక్క చెయ్యీ అడ్డం లేవలేదు.

మర్నాడే పాస్టరు గారూ నేనూ వాళ్ళింటికి వెళ్ళాం. రొట్టె మా ఆవిడ చేసింది. అక్క పెద్దమ్మని దిండ్లకి ఆనించి కూర్చోబెట్టి పక్కన కూర్చుంది. పాస్టరు గారు ప్రార్థన చేసి, పళ్ళెం ఆవిడ ముందు పెట్టి, "తీసుకోండమ్మా" అన్నారు. పెద్దమ్మ చేతులు రెండూ చాపి పళ్ళెం అందుకుంది. అందుకుని, ఎడమ పక్కనున్న అక్క వైపు జరిపింది.

"మీ కోసమేనమ్మా" అన్నారు పాస్టరు గారు మెల్లగా. ముక్క తీసి పెదాల దగ్గర పెట్టారు. పెద్దమ్మ నోరు తెరవలేదు. తల వంచుకుంది. ముసుగు కోసం చెయ్యి తడుముకుంటుంటే అక్క సర్దింది. తెలిసే వద్దందో, చేతుల అలవాటో, నాకు తెలియదు. అడిగితే చెప్పడానికి ఆవిడకి మాట లేదు. ఇంకోసారి వద్దాంలే అనుకుని లేచి వచ్చేశాం. పన్నెండో రోజున అక్క ఫోన్.

సమాధుల దొడ్డిలో వాన పడుతూనే ఉంది. పెట్టె దింపాక తలా పిడికెడు మట్టి వేస్తున్నారు. నేనూ వంగి తీసుకున్నాను. తడిసిన నల్లరేగడి. చెయ్యి తెరిస్తే మట్టి రాలలేదు, అరచేతికి అంటుకుపోయింది. విదిలించాను, రాలేదు. నా వెనక వరసలో జనం గొడుగుల కింద ఆగి చూస్తున్నారు. నేను, అప్పుడు వద్దని ఎత్తిన ఆ చెయ్యే గోతి మీదకి చాపి, వేళ్ళు విప్పి, అలాగే నిలబడిపోయాను.