గెలుచుకున్న చిర్ర

యూనివర్సిటీలో నాది కోలాటం జట్టు, నా దోస్తుది డప్పు జట్టు. ఒకే తరగతి, ఒకే బెంచీ. మా ఇల్లు లాలాపేట్‌లో, వాడి అద్దె గది అడిక్‌మెట్‌లో. ఆదివారం సాయంత్రం క్యాంపస్‌లో పోటీ. వాళ్ళు డప్పు కొడుతూ చిందేస్తారు, ఆ దరువుకు మేం కోలలు కలపాలి. మా కోల ఒక్కటి తప్పినా ఓటమి మాది, వాళ్ళ అడుగు తడబడితే వాళ్ళది. వాడు నవ్వుతూ నవ్వుతూనే వేగం పెంచి మా పని పట్టేవాడు. పాత ప్రశ్నపత్రాలు తగలబెట్టి ఆ మంట మీద, తోలు బిగిసేలా, డప్పు కాచేవాడు.

"చదువు గిట్ల గూడ పనికొస్తది రా," అనేవాడు.

మా పందెం ఒకటే. ఓడిన జట్టు నాయకుడు తన కర్రను గెలిచినవాడికి అప్పగించాలి. మళ్ళీ గెలిచి తీసుకోవాలే తప్ప అడగకూడదు, జాలిపడి ఇవ్వకూడదు. నా కోల ఎన్ని నెలలు వాడి మంచం కింద పడుందో! నా పెళ్ళికి ముందు పోటీలో మాత్రం నేను గెలిచాను. డప్పు కొట్టేటప్పుడు కుడిచేత్తో పట్టే పొట్టి కర్ర, చిర్ర, నాకిచ్చేశాడు. వాళ్ళ తాత చేతిలో అరిగి నున్నబడిన కర్ర అది. కప్పు గెలిచినట్టు తెచ్చి ఇంట్లో షోకేసులో పెట్టాను.

పెళ్ళి తార్నాకలో, ఫంక్షన్ హాల్లో. వాడు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని పొద్దున్నే మా ఇంటికి వచ్చాడు. ఊరేగింపుకు ముగ్గురు డప్పువాళ్ళు రావాలి, ఇద్దరే వచ్చారు. మూడో డప్పు ఉంది, మనిషి లేడు. మా మేనమామ షోకేసులోంచి చిర్ర తీసి వాడి చేతిలో పెట్టాడు.

"నీకొస్తది గద, కొట్టు. మీ వాడోళ్ళకు ఒకలు నేర్పాల్నా?"

వాడు మామను చూడలేదు. కారులో కూర్చున్న నన్ను చూశాడు. 'వాడు నా దోస్తు, నా పక్కన కూసుంటడు' అంటే సరిపోయేది. ముహూర్తం దాటుతోందని, మామకు కోపమొస్తుందని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. పచ్చి అబద్ధం. అందులో తప్పుందని ఆ క్షణాన నాకు తట్టనే లేదు. ఇది రాస్తుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

"తార్నాక దాక కొట్టు రా, ఎంతసేపు," అన్నాను.

కొట్టాడు. వేగం పెంచలేదు. ఒక్క చిందు కూడా వేయలేదు. నా కారు ముందు మామూలుగా నడుస్తూ, మామూలు దరువు కొట్టాడు.

హాల్లో భోజనాల దగ్గర వాడు ప్లేటు పట్టుకుని వరుసలో నిలబడితే మావాళ్ళెవరో, "డప్పోళ్ళకు ఎనక పెట్టిండ్రు, గాడికి పో," అన్నారు. పెళ్ళిపీట మీంచి నాకు వినబడింది. వాడు ప్లేటు కింద పెట్టి, చిర్రను మా అమ్మ చేతికిచ్చి వెళ్ళిపోయాడు.

పెళ్ళయ్యాక వచ్చిన ఆదివారం చిర్ర పట్టుకుని అడిక్‌మెట్ గదికి పోయాను.

"తప్పైంది. తీసుకో రా."

"గెలిస్తెనే తీసుకోవాలె గద."

"అయితే ఇప్పుడే ఆడుదాం, పా."

"మీ మామను అడిగి రా. నేను నీతోని ఆడాల్నో, నీ కారు ముంగట కొట్టాల్నో."

కేకలేస్తే బాగుండేది. స్టవ్ మీద చాయ్ పెట్టి, మంచం మీద బట్టలు జరిపి నాకు చోటిచ్చాడు. తాగి, కర్ర పట్టుకుని తిరిగొచ్చాను. ఆ తర్వాత వాడు ఏ ఆదివారమూ రాలేదు. వాడు లేక మా కోలాటమూ ఆగిపోయింది.

చిర్ర ఇప్పటికీ షోకేసులోనే ఉంది. ఇంటికొచ్చిన చుట్టాలకు మా మామ దాన్ని చూపించి, "మావోడు పోటీల గెలిచిండు," అని చెప్తుంటాడు. నేను పక్కనే ఉంటాను.